పదిహేడో మేకు

వ్యాను ఇంజను బోరుకొచ్చింది, లోపల అరిగిపోయి పొగ కక్కుతోంది. ఆ సంగతి మెకానిక్కుల కంటే ముందు వ్యానులో కూర్చునే నలుగురు కిడ్నీ రోగులే చెప్పారు, అదీ దగ్గుతూ. రోజు విడిచి రోజు వాళ్ళని ఆస్పత్రికి చేర్చి, రక్తం శుభ్రం చేయించుకున్నాక మళ్ళీ ఇళ్ళకు దించడం ఆ వ్యాను నడిపే వ్యానక్క పని. పదకొండేళ్ళుగా అదే పని. వాళ్ళకి ఒక్కసారి తప్పినా కాళ్ళు వాచిపోతాయి, ఊపిరాడదు.

"కొత్త ఇంజను వేయించు, పీడా పోతుంది," అన్నాడు భర్త. షోరూము వాడూ అదే అన్నాడు. వాడు అనక చస్తాడా! వ్యానక్క ఇద్దరి మాటా శ్రద్ధగా విని, పాత ఇంజన్నే విప్పి మళ్ళీ కట్టమని తన అన్నయ్యకిచ్చింది.

ఇల్లంతా గొల్లుమంది. అనదూ మరి! ఆయన మామూలు అన్నయ్య కాదు, ఊరందరికీ గుడ్డముక్క మేస్త్రీ. ముప్ఫై ఏళ్ళు ఇంజన్లు కట్టి సంపాదించిన పేరు ఒక్క గుడ్డతో పోయింది. మూడేళ్ళ కిందట ఒక లారీ ఇంజను కట్టి, చేతులు తుడుచుకున్న పీలిక లోపలే మరిచి మూసేశాడు. అది అడుగున ఆయిలు పీల్చే గొట్టానికి అడ్డం పడింది. లారీ ఎనభై కిలోమీటర్లు బుద్ధిగా వెళ్ళి, ఇంజను పట్టేసి, నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ మాట మాత్రం ఎవరూ చెప్పుకోరు. అప్పటినుంచి ఆయన షెడ్డుకి సైకిళ్ళూ నీళ్ళ మోటార్లూ తప్ప ఇంకేవీ రావడం లేదు.

"నలుగురి ప్రాణాలతో ఆటలా నీకు?" అన్నాడు భర్త.

"కొత్త ఇంజను బిగించినవాడెవడో నాకు తెలీదు. అమ్మ పోయాక మూడేళ్ళు నాకు జడలేసింది అన్నయ్యే."

"జడకీ ఇంజనుకీ ఏంటే సంబంధం?"

"ఒక్కరోజు కూడా ఊడలేదు. తలనొప్పి వచ్చేదనుకో, అది వేరే సంగతి."

భర్త ఓ దండం పెట్టి ఊరుకున్నాడు. పైకి ఎంత గట్టిగా మాట్లాడినా వ్యానక్కకి లోపల భయంగానే ఉంది. అన్నయ్యని నమ్మడం వరకూ తనిష్టం. ఆ నలుగురి తరఫున కూడా నమ్మడానికి తనెవరు? ఈ ఇంజను కూడా దారిలో ఆగిందంటే వాళ్ళ గతేమిటి, అన్నయ్య గతేమిటి?

అన్నయ్య మాత్రం పనికి ముందు పాత దుప్పటి ఒకటి ఇరవై ముక్కలుగా చింపాడు. ఒక్కోదాని మీద ఎర్రరంగుతో నంబరు వేసి, షెడ్డు గోడకి ఇరవై మేకులు కొట్టి తగిలించాడు. ఏ గుడ్డ వాడినా మళ్ళీ దాని మేకుకే చేరాలి. పొద్దున లెక్క, సాయంత్రం లెక్క. ఇంజనులో ఏ బోల్టుకీ అంత మర్యాద జరగలేదు.

ఎనిమిది రోజులు పట్టింది. అన్ని రోజులూ రోగులను వేరే డ్రైవరు తిప్పాడు, సోమవారం నుంచి తనవల్ల కాదన్నాడు. ఆదివారం మధ్యాహ్నానికి ఇంజను వ్యానులోకెక్కింది, ఆయిలు పోయడమూ అయింది. వ్యానక్క సీట్లో కూర్చుని తాళం పెట్టింది. అన్నయ్య గోడ దగ్గరికెళ్ళి గుడ్డలు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. పదిహేడో మేకు ఖాళీగా ఉంది.

"తిప్పకు," అన్నాడు.

"ఇక్కడే ఎక్కడో పడుంటుంది బావగారూ," అన్నాడు భర్త. "ఓసారి తిప్పి చూద్దాం."

"తిప్పాకే కదా ఆ లారీ పోయింది," అని అన్నయ్య పోసిన ఆయిలంతా డబ్బాలోకి దించి, పానాలు తీసుకుని వ్యాను కిందకి దూరాడు.

వ్యానక్క టీ తేవడానికి ఇంటికెళ్ళింది. ఫ్లాస్కు కోసం సంచిలో చెయ్యి పెడితే పదిహేడో గుడ్డ తగిలింది. పొద్దున ఫ్లాస్కు మూత కారుతోందని తనే మేకు మీద నుంచి లాగి చుట్టింది. "నా మతిమరుపు మండా!" అని నెత్తి కొట్టుకుంది. ఆ వెంటనే ఇంకో బుద్ధి పుట్టింది. దీన్ని షెడ్డు మూలన పడేసి, అక్కడే దొరికిందంటే సరి, తిట్లు తప్పుతాయి. సందు మలుపు దాకా ఆ బుద్ధి తోడు వచ్చింది. అక్కడ ఆవిడకి సిగ్గేసింది. అలా చేస్తే గుడ్డ పారేసుకున్నవాడు మళ్ళీ అన్నయ్యే అవుతాడు.

షెడ్డులో వ్యాను కింద నుంచి ఆయన కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. "అన్నయ్యా, ఇదిగో. నేనే తీశాను. తిట్టేదేదో తిట్టు," అంది.

ఒక చెయ్యి బయటికొచ్చి, గుడ్డ అందుకుని లోపలికి పోయింది. కాసేపటికి బోల్టు తిరుగుతున్న చప్పుడు మళ్ళీ మొదలైంది.

"దొరికిందిగా! ఇంకా విప్పడం దేనికి?"

"లెక్కలో గుడ్డ దొరికింది. లోపల ఏమీ లేదని ఎవరు చెప్పారు?"

భర్త పాత టైరు మీద కూలబడ్డాడు. ఇది ఇప్పట్లో తేలేది కాదని ఆయనకి అర్థమైంది.

ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టి ఊడొచ్చింది. అన్నయ్య టార్చి వేసి లోపలికి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. చివరికి, "నువ్వొచ్చి చూడు," అన్నాడు. వ్యానక్క ఆయన పక్కనే వెల్లకిలా దూరింది.

"ఏముంది?"

"ఏమీ లేదు."

"సరిగ్గా చూడు."

"ఏమీ లేదన్నయ్యా. మా వంటిల్లు కూడా ఇంత శుభ్రంగా ఉండదు."

ఆయన టార్చి ఆర్పేశాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, వ్యాను కింద పడుకుని, వెక్కి వెక్కి ఏడ్చాడు. మూడేళ్ళ కిందట ఏడవాల్సిన ఏడుపు అది. వ్యానక్కకీ ఆగలేదు. ఆయన చేతిలో ఉన్న గుడ్డతోనే మొహం తుడుచుకోమంది. ఆయన దాని మీది నంబరు చూసి, తల అడ్డంగా ఊపి, మోచేత్తో తుడుచుకున్నాడు.

"బోల్టులందించు," అన్నాడు. "రేపు పొద్దున ఆరింటికల్లా ఆ నలుగురూ గుమ్మాల్లో నిలబడతారు."