విజయకుమారి సిస్టరుగారి తప్పుల పుస్తకం

నేను చదివింది రెండో తరగతి. అదీ పూర్తిగా కాదు, కోతలు వచ్చాయని మా నాన్న మధ్యలోనే మాన్పించాడు. అయినా నా సంతకం నేనే పెట్టుకుంటాను, పేపరు నేనే చదువుకుంటాను, ఎవరి గురించైనా నాలుగు మాటలు రాయాలంటే ఇంకొకరి చేతిలో పెన్ను పెట్టి బతిమాలను. విజయకుమారి సిస్టరుగారి గురించి రాయవలసిన పెద్ద చదువుల వాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లెవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఆవిడది మామిడికుదురు దగ్గర నగరం అనే ఊరు. తండ్రి నతానియేలుగారు బడిపంతులు. కాకినాడలో నర్సు చదువు చదివి, మనసు బాగోనివాళ్లని చూసుకునే చదువు ఇంకో ఏడాది చదివి, తొంభై నాలుగులో అమలాపురంలో మా ఆసుపత్రికి వచ్చింది. కాలవ గట్టున పన్నెండు మంచాల ఆసుపత్రి. బుచ్చిరాజు డాక్టరుగారిది. రిక్షావాళ్లు దాన్ని పిచ్చాసుపత్రి అనేవాళ్లు. అలా అన్నవాడి రిక్షా సిస్టరుగారు ఎక్కేది కాదు. వానలో తడుస్తూ నడిచి వచ్చేది. రెండు వర్షాకాలాలు గడిచేసరికి స్టాండులో ఉన్న వాళ్లందరూ "డాక్టరుగారి ఆసుపత్రి" అనడం నేర్చుకున్నారు. బేరం పోతే ఎవడైనా నేర్చుకుంటాడు.

నేను అక్కడ ఆయాని. ఆవిడ నాకంటే పాతికేళ్లు చిన్నది, నన్ను పిన్నిగారూ అనేది. మొదట్లో ఆవిడ పెట్టిన టీ నేను తాగేదాన్ని కాదు. ఎందుకో చెప్పను. ఈ ప్రాంతం వాళ్లకి చెప్పక్కర్లేదు. ఆవిడకీ చెప్పక్కర్లేకపోయింది. రోజూ నా పేరున ఒక గ్లాసు పోసి బల్ల మీద పెట్టేది. చల్లారాక తీసుకెళ్లి గుమ్మం పక్క మందారానికి పోసేది. ఆ మొక్క నాలుగేళ్లు నా టీ తాగి బలిసింది.

వచ్చిన వారంలోనే ఆవిడ ఆసుపత్రిని వలిచి పెట్టింది. గోడల మీద అద్దాలు తీయించింది. పైజామాల బొందులు లాగించి ఎలాస్టిక్ కుట్టించింది. దోమతెరల తాళ్లు పోయాయి, ఆడవాళ్ల పిన్నీసులు పోయాయి, నూతి మీదకి ఇనప మూతా తాళమూ వచ్చాయి. గాజు సీసాలో ఆవకాయ తెస్తే గేటు దగ్గరే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చేది. ఆఖరికి నా వక్కల పెట్టెలో చెయ్యి పెట్టింది.

"అడకత్తెర ఇంటి దగ్గర ఉంచేసి రండి పిన్నిగారూ."

"నా పెళ్లినాటిదండి అది," అన్నాను.

"అందుకేనండి. అంత విలువైంది ఇంట్లోనే ఉండాలి."

మర్యాదగా మాట్లాడేవాళ్లతో తగువు పెట్టుకోవడం చాలా కష్టం. ఒక్క మగవాళ్ల తువ్వాళ్లు మాత్రం ఆవిడ కూడా తీయించలేకపోయింది. మా వైపు మగాడు చొక్కా లేకుండా పెళ్లికైనా వెళతాడు గాని, భుజం మీద తువ్వాలు లేకుండా గుమ్మం దాటడు.

ఇంకో సంగతి మాత్రలు. మాత్ర ఇచ్చి, నీళ్లు తాగించి, నోరు తెరిపించి, నాలుక ఎత్తించి, రెండు బుగ్గల్లోనూ చూడాలి. దాచుకుని తర్వాత ఉమ్మేసేవాళ్లు, పది పోగేసి ఒక్కసారే మింగేవాళ్లు ఉంటారట. కపిలేశ్వరపురం నుంచి వచ్చిన పాతిక ఎకరాల ఆసామీ ఒకాయన దీనికి చాలా నొచ్చుకున్నాడు. తన నోట్లోకి కట్టుకున్న పెళ్లాం కూడా ఎప్పుడూ తొంగి చూడలేదన్నాడు. "ఆవిడకి వేరే పనుండుంటుందండి. నా పని ఇదేనండి," అంది సిస్టరుగారు. ఆయన నోరు తెరిచాడు. కొన్నాళ్లకి ఈ నోళ్లు చూసే పని నాకు అప్పజెప్పింది.

తర్వాత తప్పుల పుస్తకం వచ్చింది. తొంభై ఏడులో పొడుగాటి రెండొందల పేజీల పుస్తకం ఒకటి కొని మందుల బల్ల మీద పెట్టింది. తప్పు చేసినవాళ్లు తమ చేత్తో తామే అందులో రాయాలి. రాసినవాళ్లని తిట్టడం గాని, జీతం కొయ్యడం గాని ఉండదు. అలాంటి తప్పు మళ్లీ జరక్కుండా ఏం చెయ్యాలో అందరూ కూర్చుని ఆలోచిస్తారు. ఇదీ పద్ధతి. మేమంతా ఇది ఎలకల బోను అనుకున్నాం. అప్పుడు ఆవిడే ముందుగా రాసింది: ఏడో మంచం మాత్ర ఎనిమిదో మంచానికి ఇచ్చాను, నోట్లో వేసుకునేలోపు చూసుకున్నాను, నంబరు చూశాను గాని మనిషి పేరు అడగలేదు అని.

దాంతో వాచ్‌మన్ బంగారరాజుకి ధైర్యం వచ్చింది. గేటు దగ్గర కునుకు తీశానని రాశాడు. మర్నాడు మళ్లీ రాశాడు. నాలుగో రోజు నుంచి "పైదే" అని రాసి సంతకం పెట్టేవాడు. డాక్టరుగారు కూడా ఒక పేజీ నిండా రాశారు. ఆయన దస్తూరీ మందుల షాపువాడికి తప్ప ఎవరికీ అర్థం కాదు కాబట్టి, ఆయన చేసిన తప్పేమిటో ఈనాటికీ తెలీదు. నేను ఆ పుస్తకాన్ని రోజూ గుడ్డతో తుడిచేదాన్ని. తెరిచేదాన్ని కాదు. తప్పు చేస్తే కదా రాయడానికి.

తొంభై ఎనిమిదిలో సత్తియ్య వచ్చాడు. ముమ్మిడివరం అవతల ఊరు. కొబ్బరి దింపు తీసే మనిషి. చెట్టెక్కి కాయలు దించడంలో చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడని అతని పెళ్లాం నాగమణి చెప్పింది. తొంభై ఆరు తుపానులో అతను ఎక్కే తోటలన్నీ ఒక్క రాత్రిలో పడుకున్నాయి. తెల్లారి వెళ్లి చూసి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. ముందు పని మానేశాడు, తర్వాత మాట మానేశాడు, తర్వాత అన్నం మానేశాడు. ఓ రోజు కరెంటు స్తంభం ఎక్కబోతుంటే నాగమణి కాళ్లు పట్టుకు లాగి మా దగ్గరికి తీసుకొచ్చి, తనూ తోడుగా ఉండిపోయింది.

మా దగ్గర పదకొండు రోజులు ఒక్క మాట మాట్లాడలేదు. పెట్టింది తినడం మొదలెట్టాడు, అంతే. రోజూ పొద్దున్నే పెరట్లోకొచ్చి మెడ ఎత్తి పైకి చూసేవాడు. చెయ్యెత్తి చూపించేవాడు. పెరట్లో బల్ల మీద ఎవరైనా కూర్చుంటే రెక్క పట్టుకు లాగేవాడు. సిస్టరుగారు కేసుషీటులో రాసింది: ఆకాశంలో ఏదో కనిపిస్తున్నట్టుంది, మనుషుల్ని లాగుతున్నాడు. డాక్టరుగారు చదివి మాత్ర పెంచారు.

పన్నెండో రోజు ఎనిమిది గంటలకి సిస్టరుగారు మాత్రలు ఇచ్చుకుంటూ ముందు వెళ్తోంది, నేను వెనక నోళ్లు చూసుకుంటూ వస్తున్నాను. సత్తియ్య దగ్గరికి వచ్చేసరికి కిటికీ అవతల పాలవాడు కనిపించాడు. రెండు రోజులుగా వాడు నీళ్లలో పాలు కలిపి పోస్తున్నాడు. నేను కిటికీలోంచి వాడి వంశం సంగతి చెబుతున్నాను. సత్తియ్య పాపం నోరు తెరిచి, నాలుక ఎత్తి నిలబడ్డాడు. నేను పాలవాడి వైపే చూస్తూ, "ఆ, సరే, ముయ్యి," అన్నాను. పాలవాడు తననే అన్నాననుకుని నోరు మూశాడు. సత్తియ్య కూడా మూశాడు.

ఎనిమిదీ పదికల్లా పెరట్లోంచి నాగమణి గొంతు వినిపించింది. వెళ్లి చూస్తే సత్తియ్య కొబ్బరిచెట్టు చిటారున, మొవ్వులో ఉన్నాడు. తువ్వాలు మెలిపెట్టి కాళ్లకి వేసుకుని ఎక్కేశాడు. అద్దాలు తీశాం, బొందులు తీశాం, నూతికి తాళం వేశాం, పెరటి మధ్యలో రెండు కొబ్బరిచెట్లు నాలుగేళ్ల నుంచి నిలబడి ఉంటే మాలో ఒక్కరికీ కనబడలేదు. మా సీమలో కొబ్బరిచెట్టుని ఎవడు చూస్తాడు?

పావుగంటలో జనమంతా చెట్టు కింద చేరారు. డాక్టరుగారు బల్ల మీద కూర్చుని, దిగమని ఇంగ్లీషులో సగం, తెలుగులో సగం ఆజ్ఞలు వేస్తున్నారు. నాగమణి తిడుతోంది, ఏడుస్తోంది, మధ్యలో అన్నం తిన్నాడో లేదో అడుగుతోంది. సత్తియ్య పై నుంచి చెయ్యి ఊపుతున్నాడు. దిగడం లేదు. సిస్టరుగారు వాచీ చూసుకుని నా దగ్గరికి వచ్చింది.

"పిన్నిగారూ, సత్తియ్యగారు మాత్ర మింగేరా? నోరు చూసేరా?"

"ఆయ్, చూసేనండి," అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. నాలుగేళ్లుగా రోజూ అంటున్న మాట, అదే వచ్చేసింది.

ఆ మాత్ర పెంచిన మాత్ర. వేసుకున్న ముప్పావుగంటకల్లా కళ్లు మూతలు పడతాయి, కాళ్లు పట్టు తప్పుతాయి. ఎనిమిదికి వేసుకున్నాడు, ఇప్పుడు ఎనిమిదీ ఇరవై అయిదు. ఫైరింజను కోసం ఫోను చేస్తే అది ఎక్కడికో వెళ్లిందన్నారు. ఇక మిగిలింది ఎవరైనా ఎక్కి పట్టుకుని దింపడం. ఎక్కడం వచ్చినవాడు ఒక్క బంగారరాజే, అదీ ముప్పై ఏళ్ల కిందట. ఇప్పుడు అతనికి పొట్ట ముందు వచ్చి మనిషి వెనక వస్తాడు. అయినా మొలకి తువ్వాలు బిగించి, చెట్టుని కౌగిలించుకుని, నా వంక చూశాడు. "మా ఆవిడకి చెప్పండి అక్కగారూ," అన్నాడు.

ఏం చెప్పమన్నాడో అడగలేదు. సత్తియ్య మాత్ర మింగకపోతే ఏ తొందరా లేదు, వీడు ఎక్కక్కర్లేదు. మింగాడో లేదో నాకు తెలీదు. తెలుసని చెప్పాను. నా మాట మీద ఈ కునుకులవాడు పైకి పోతున్నాడు. అక్కడ అంతమంది ఉన్నారు, డాక్టరుగారు ఉన్నారు, ఆ పాలవాడు కూడా వచ్చి గోడ మీంచి చూస్తున్నాడు. వాడి ముందా నేను చెప్పడం? మూరెడు ఎత్తు ఎక్కాడు బంగారరాజు.

"నేను చూడలేదండి," అన్నాను. "నోరు చూడలేదు. చూసేనని అబద్ధమాడేను."

సిస్టరుగారు ముందు బంగారరాజుని దిగమంది. చెట్టు మొదట్లో నిలబడి, పొరుగింటావిణ్ణి పలకరించినట్టు పలకరించింది.

"సత్తియ్యగారండీ, పొద్దున్న మాత్ర మింగేరా?"

అప్పటిదాకా ఆ మాట అతన్నే అడగొచ్చని మాలో ఎవరికీ తోచలేదు. పదకొండు రోజులుగా మాట్లాడని మనిషి పై నుంచి మాట్లాడాడు.

"ఆయ్, మింగేనండి."

"కాసేపట్లో నిద్రొచ్చేస్తాదండి మీకు."

"తెలుసండి. అందుకే తొందరపడతన్నాను. మీరు తప్పుకుంటే గదండీ నేను దింపు తీసేది? కింద మనుషులుంటే కాయ ఎలా వదుల్తానండీ?"

మేము అతను దిగాలని చూస్తున్నాం. అతను మేము కదలాలని చూస్తున్నాడు. అప్పుడు సిస్టరుగారు మెడ ఎత్తి పైకి చూసింది. నేనూ చూశాను. తుపాను తర్వాత దింపు తియ్యని చెట్టు. ఎండిపోయిన గెల ఒకటి ఈనె అంత కాడ మీద వేలాడుతోంది, సరిగ్గా బల్లకి పైన. కొబ్బరికాయకి మూడు కళ్లుంటాయి, మనిషి మీద పడదు అని మా అమ్మ చెప్పింది, వాళ్లమ్మ చెప్పింది. ఆ ధీమాతో పేషంట్లని రోజూ అక్కడే కూర్చోబెట్టాం.

సిస్టరుగారు చేతులు చాపి అందరినీ వరండాలోకి తోలింది. డాక్టరుగారు బల్ల వదలనంటే, లేవండి సార్ అని రెక్క పట్టుకు లాగింది, అచ్చం సత్తియ్య లాగినట్టే. సత్తియ్య గెల మెలితిప్పి వదిలాడు. బల్ల రెండు ముక్కలయింది. డాక్టరుగారు ఆ ముక్కల వంక చూసి, తన కుర్చీ ఎక్కడుందని అడిగారు.

దిగేటప్పుడు సగానికి వచ్చేసరికి అతని కాళ్లు వణికాయి. సిస్టరుగారు కింద నుంచి మాట్లాడిస్తూనే ఉంది: మీ ఊళ్లో ఎవరి తోట పెద్దదండీ, రోజుకి ఎన్ని చెట్లెక్కేవారండీ అని. అతను ఒక్కొక్క జవాబుకి ఒక్కొక్క జానెడు దిగాడు. ఆఖరి నిలువెత్తులో జారితే బంగారరాజు పొట్ట అడ్డం పెట్టి ఆపాడు. ఆ పొట్ట అక్కరకొచ్చింది ఆ ఒక్కరోజే. సత్తియ్య నేల మీద చతికిలబడి, దింపు తీసినవాడికి చెట్టుకో కాయ ఇవ్వడం మా వైపు రివాజు కదా, తన కాయ ఒకటి ఏరుకుని, దాన్ని తల కింద పెట్టుకుని నిద్రపోయాడు. నాగమణి పక్కన కూర్చుని, "మాట్లాడేడు, మాట్లాడేడు," అని కనిపించినవాళ్లందరికీ చెబుతోంది.

ఆ మధ్యాహ్నం నేనే వెళ్లి తప్పుల పుస్తకం తెరిచాను. ఒక్కొక్క అక్షరం పెట్టుకుంటూ రాశాను: "నోరు చూడలేదు. చూసేనన్నాను. రమణమ్మ." బంగారరాజు భుజం మీంచి చదివి, బాగా రాసేరండి అక్కగారూ అన్నాడు. సిస్టరుగారు నా చేతిలోంచి పెన్ను తీసుకుని దాని కిందే రాసింది: "సత్తియ్య చెయ్యెత్తి చూపిస్తే సత్తియ్యని చూశాను. పైకి చూడలేదు." కేసుషీటులో ఆకాశం మాట కొట్టేసి, సంతకం పెట్టింది. తర్వాత రెండు గ్లాసుల్లో టీ పోసింది. నా గ్లాసు చల్లారకముందే తాగేశాను. చక్కెర ఎక్కువ వేస్తుంది ఆవిడ. నాలుగేళ్లు ఆ మందారం ఎలా భరించిందో.

సత్తియ్య రెండు నెలలకి ఇంటికి వెళ్లాడు. పెరట్లో ఆ రెండు చెట్ల దింపూ అతనికే ఇచ్చారు. నడుముకి కూడా తాడు కడితేనే ఎక్కనిస్తానని సిస్టరుగారు పట్టుబట్టింది. మాత్ర వేళ డాక్టరుగారితో చెప్పి రాత్రికి మార్పించింది. అతను కాయలు దించి, మందులు తీసుకుని వెళ్లేవాడు. ఆవిడ రెండువేల ఆరులో రాజోలు వైపు పెద్ద ఆసుపత్రికి వెళ్లింది. ఇలాంటి పుస్తకం అక్కడా పెట్టిందని, వెళ్లిన నెలలోనే అక్కడి డాక్టర్ల చేత కూడా రాయించిందని విన్నాను. నేను పని మానేసి ముమ్మిడివరంలో మా అన్నయ్య కొడుకు ఇంట్లో ఉంటున్నాను.

ముమ్మిడివరం బస్టాండులో అప్పుడప్పుడు సత్తియ్య కనిపిస్తాడు. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే గబగబా వచ్చి, నమస్కారం పెట్టి, నలుగురిలో నోరు బార్లా తెరిచి నాలుక ఎత్తుతాడు. ఆటోవాళ్లు పగలబడి నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. నేను కళ్లజోడు సర్దుకుని, కుడి బుగ్గ చూసి, ఎడమ బుగ్గ చూసి, నాలుక కింద కూడా చూసి, అప్పుడు చెబుతాను, "సరే, ముయ్యి," అని.