వెనక కారియర్ ఉన్న సైకిలు

నిన్న సాయంత్రం ఇటలీలోని ఈ సరస్సు ఒడ్డున దిగాం. సామాను గదుల్లో పడేసి భోజనానికి కిందికి వచ్చేసరికి వంటింట్లోంచి ఒక వాసన నన్ను పట్టుకుని ఆపేసింది. పిండి గట్టిపడుతూ, అడుగంటబోతూ ఉన్నప్పుడు వచ్చే వాసన అది. తొంగి చూస్తే హోటల్ పెద్దావిడ రాగి గిన్నె ముందు నిలబడి, పొడుగాటి కర్రతో మొక్కజొన్న పిండిని తిప్పుతోంది. చెమట తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఆపడం లేదు. దాన్ని పొలెంటా అంటారని మాతో వచ్చిన మలయాళీ నర్సు చెప్పింది. అంటే అననీ. నా కళ్లకు అది సంగటే. గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల అని అబద్ధం చెబుదామన్నా అక్కడ పొగ లేదు.

మేం కువైట్‌లో ఫింటాస్ సముద్రం ఒడ్డున శుక్రవారం పొద్దున్నే సైకిళ్లు తొక్కే ఆడవాళ్లం. నాకు అక్కడే చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. ఏళ్ల తరబడి అనుకోగా అనుకోగా ఈసారి ఒక వారం ఇక్కడికి వచ్చాం. పొద్దున సరస్సు చుట్టూ సైకిలు, మధ్యాహ్నం నుంచి తిండి. ఇంతకన్నా మంచి సెలవు ఉంటుందా? కానీ నా మనసు మాత్రం ఆ రాగి గిన్నె దగ్గర ఆగి, అక్కడినుంచి తిన్నగా జాబ్రియాకు, ఓబులమ్మక్క దగ్గరికి వెళ్లిపోయింది.

ఓబులమ్మది కడప వైపు. జాబ్రియాలో ఒక కువైటీ ఇంట్లో వంటమనిషి. నేను కోనసీమ నుంచి అదే ఇంట్లో ఇల్లు తుడిచే పనికి వెళ్లేసరికి నాకు ఇరవై ఏళ్లు, ఆవిడకు నలభై దాటాయి. నల్లగా, పొట్టిగా, నడుస్తుంటే నేల అదిరేటట్టు ఉండేది. మొదటిరోజే నన్ను ఎగాదిగా చూసి, ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంటే ఇల్లు దగ్గరవదని, ముందు తిని పడుకోమని చెప్పింది. ఎక్కడికి వెళ్లినా ఆవిడ మొదట చూసేది పొయ్యినే. ఊరి నుంచి తెచ్చుకున్న సత్తు దబర ఒకటి ఉండేది. అందులో తప్ప సంగటి కెలికేది కాదు. మామా అని మేం పిలిచే ఇంటి యజమానురాలు కొనిచ్చిన స్టీలు గిన్నెలన్నీ ఆవిడ లెక్కలో చూసుకోవడానికే.

ఆ ఎండాకాలం మామా, మా వీసాలకు పూచీపడిన కఫీల్, అంటే ఆవిడ భర్త, పిల్లలు అందరూ సెలవులకు ఇటలీ వెళ్లారు. ఏటా వెళ్లే చోటే. అంతకుముందు ఏడు అక్కడ కొన్న బొమ్మ కార్డు ఒకటి ఫ్రిజ్ మీద అంటించి ఉండేది. కొండల మధ్య నీలంగా సరస్సు, ఒడ్డున సైకిలు మీద ఒక అమ్మాయి. ఓబులమ్మ ఆ కార్డు ముందు నిలబడి, "అన్ని నీళ్లుండాయి గదా, ఆడ ఉండేటోళ్లు ఏం తింటారో మే?" అని అడిగేది. నాకేం తెలుసు? కేకులు తింటారేమో అనేదాన్ని.

వాళ్లు ఇటలీలో ఉండగానే ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. ఇంటి డ్రైవరు, తోటమాలి ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. అంత పెద్ద ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ఒకరోజు సైనికులు వచ్చి కారు, టీవీ, బియ్యం బస్తాలు పట్టుకుపోయారు. వెనక కొట్లో మూలనున్న గోధుమ రవ్వ బస్తాను మాత్రం ఎందుకో వదిలేశారు. ఓబులమ్మ దాంతోనే సంగటి మొదలుపెట్టింది. అన్నం లేకుండా నాకు ముద్ద దిగేది కాదు. కంచం ముందు పెట్టుకుని మూతి ముడుచుకునేదాన్ని.

"అన్నం లేకపోతే ప్రాణం పోతాదా మే మీ గోదారోళ్లకు? ఊరుబిండి నంజుకోని మింగు. నమలాకు, జారిపోతాది," అనేది.

ఊరుబిండి అంటే వేరుశనగపప్పు, ఎండుమిరపకాయలు కలిపి నూరిన పచ్చడి. నాలుగు రోజులు పోయాక సంగటి నేనే అడిగి వేయించుకోవడం మొదలుపెట్టాను. ఆకలి రుచెరుగదని ఊరికే అన్నారా!

ఫింటాస్‌లో మా ఊరి మావయ్య వరసాయన ఒక కిరాణా కొట్లో పనిచేసేవాడు. ఆయన ఫోన్ చేసి, మనవాళ్లను జోర్డాన్ చేర్చడానికి బస్సులు కడుతున్నారని, వచ్చే శుక్రవారం తెల్లారి ఫింటాస్ చేరితే మా ఇద్దరినీ ఎక్కిస్తానని, అది దాటితే మళ్లీ బస్సు ఉంటుందో లేదో చెప్పలేనని అన్నాడు. జాబ్రియా నుంచి ఫింటాస్ దగ్గర కాదు. టాక్సీలు లేవు. ఆ ఎండలో నడిస్తే మధ్యలోనే పడిపోతాం. ఇంట్లో మిగిలినవి రెండు సైకిళ్లు. ఒకటి మామా పెద్దకొడుకుది, తేలికగా, తళతళలాడేది. రెండోది తోటమాలి వదిలేసిపోయిన బరువైన పాత సైకిలు, వెనక కారియర్‌తో. కాలవ గట్ల మీద సైకిలు తొక్కుతూ పెరిగినదాన్ని కాబట్టి నాకు బెంగలేదు. ఓబులమ్మ మాత్రం జన్మలో సైకిలు ఎక్కలేదు.

నేను వెళ్లి మావయ్యను తీసుకొస్తానన్నాను. ఆయన వచ్చి మాత్రం ఎలా తీసుకెళతాడని అడిగింది. "నేర్చుకుంటా. నువ్వు పట్టుకో," అంది.

ఇంటి ప్రహరీ లోపల, ఎండ ఎక్కకముందే మా పాఠం మొదలయ్యేది. నైటీ కింద తోటమాలి ప్యాంటు తొడుక్కుని, కొంగులా చున్నీ నడుముకు బిగించి ఎక్కేది. ఆ వేషం చూసి నవ్వు ఆపుకోలేక నేను సైకిలు వదిలేస్తే ఇద్దరం కలిసి పడ్డాం. తేలిక సైకిలు తీసుకోమంటే వినలేదు. మరి నా దబర యాడ పెట్టాల అంది. ప్రాణాలు దక్కించుకోవడానికి పోతూ దబర ఎందుకని నేను విసుక్కున్నాను. అది లేకుంటే పోయినచోట ఏమొండుకుంటామని ఆవిడ విసుక్కుంది. మోకాళ్లు చెక్కుకుపోయి రక్తం కారుతుంటే పసుపు అద్ది మళ్లీ ఎక్కేది. ఒకరోజు గోడకు గుద్దుకుని పెదవి చిట్లించుకుంది. ఇక ఈవిడకు రాదు, మేమిక్కడే ఉండిపోతామని నాకు భయం పట్టుకుని ఏడ్చేశాను.

"పడేది నేను, ఏడ్చేది నువ్వా? లెయ్, పట్టుకో," అంది.

బస్సు రోజు దగ్గరపడ్డాక ఒక పొద్దున నేను చెయ్యి వదిలేసిన సంగతి తెలియకుండానే వాకిలి చుట్టూ తిరిగి వచ్చింది. గర్వంగా నవ్వుతుందనుకున్నాను. బ్రేకు ఎట్లా వెయ్యాలో చెప్పలేదేమని తిట్టింది.

శుక్రవారం వెలుతురు రాగానే బయలుదేరాం. ఓబులమ్మ కారియర్ మీద దబర తాడుతో కట్టింది. తెల్లవారకముందే కెలికిన సంగటి ముద్దలు గుడ్డలో మూటగట్టి నా మెడకు తగిలించింది. సగం దూరం వెళ్లాక దారికడ్డంగా సైనికులు నిలబడి ఉన్నారు. వాళ్లలో మీసాలు సరిగా రాని ఒకడు తుపాకీ నా వైపు తిప్పి దిగమన్నాడు. దిగాను. నా చేతుల్లోంచి సైకిలు లాక్కుని, దాని గేర్లు చూసుకుంటూ అక్కడే తొక్కడం మొదలుపెట్టాడు. ఓబులమ్మ వచ్చీరాని అరబ్బీలో, మేము పనివాళ్లమని, మా ఊళ్లకు పోతున్నామని చెప్పింది. వాళ్లలో పెద్దవాడు ఆమె సైకిలు చూసి పెదవి విరిచి, పొండని చెయ్యి ఊపాడు.

నువ్వు వెళ్లు అక్కా, నేను నడిచి వస్తానన్నాను. అది అయ్యే పని కాదని ఇద్దరికీ తెలుసు. ఓబులమ్మ నావైపు చూడలేదు. సైకిలు స్టాండు వేసి, కారియర్ తాడు విప్పి, దబర తీసి రోడ్డు పక్కన ఇసుకలో పెట్టింది. గాలికి దొర్లిపోకుండా దాన్ని బోర్లించింది కూడా.

"ఖలాస్. యల్లా, ఎక్కు ఎనకాల," అంది.

నాకు సైకిలు తొక్కడం వచ్చు, ఆవిడకు వచ్చి వారం కూడా కాలేదు. అయినా తొక్కింది ఆవిడే. మొదట వంకరటింకరగా పోయి, తర్వాత కుదురుకుంది. ఆవిడ వీపుకు ముఖం ఆనించి కూర్చున్నాను. నైటీ చెమటతో తడిసి, సంగటి వాసన వేస్తోంది. దారి పొడుగునా తనకు తానే ఏదో చెప్పుకుంటూనే ఉంది. దేవుడికి మొక్కుతోందేమో అనుకున్నాను. చెవి పెట్టి వింటే, "ముందుకు సూడు, కిందికి సూడాకు," అంటోంది. నేను నేర్పిన పాఠమే.

బస్సు అందింది. జోర్డాన్ ఎడారిలో గుడారాల దగ్గర దిగగానే ఆవిడ మూడు రాళ్లు వెతికి తెచ్చి పొయ్యి పెట్టింది, గిన్నె ఎవరినో అడిగి తెచ్చింది. ఇల్లు చేరాం. యుద్ధం అయిపోయాక ఇద్దరం మళ్లీ కువైట్ వచ్చాం. ఆవిడ అదే మామా దగ్గర చేరింది, వయసు మీద పడేదాకా చేసి ఊరికి వెళ్లిపోయింది. ఆ దబర మాట మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. కొత్తది కొనిస్తానంటే ఇప్పుడెందుకులే అనేది. రెండేళ్ల కిందట వాళ్లమ్మాయి ఫోన్ చేసి, అమ్మ పోయిందని చెప్పింది. ఆ రోజు టిఫిన్ సెంటర్ మూసేసి, తలుపులు వేసుకుని ఏడ్చాను. కన్నతల్లి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

రాత్రి భోజనంలో ఆ పొలెంటా వడ్డించారు. పక్కన చేపలు, చీజు. నేను చెంచా పక్కన పెట్టి చేత్తో ముద్ద చేసుకుని, నమలకుండా మింగాను. సంగటే తింటారక్కా అని పైకే అన్నాను. నర్సు నావైపు వింతగా చూసింది.

ఈ పొద్దున సైకిళ్లు అద్దెకిచ్చే కుర్రాడు నా ఎత్తుకు సరిపోయే తేలికపాటి సైకిలు తెచ్చి, కొండదారికి ఇదే మంచిదన్నాడు. నాకు వెనక కారియర్ ఉన్నది కావాలన్నాను. సామాను మా వ్యాను తెస్తుంది కదా, కారియర్ మీద ఏం పెడతారని అడిగాడు. ఏమీ పెట్టనన్నాను. అతనికి అర్థం కాలేదు. లోపల వెతికి వెతికి, దుమ్ము పట్టిన ఒక పాత బరువు సైకిలు బయటికి తెచ్చాడు. నేను ముందు దాని కారియర్ మీద చెయ్యి ఆనించి, గట్టిగా అదిమి చూశాను. ఒక మనిషిని మోస్తుంది. తర్వాత ఎక్కాను.