తమ్ముణ్ణి పిలవనివ్వని డాక్టరు

వన్ టౌన్‌లో కరెంటు పోగానే మా బట్టల కొట్లో ఇన్వర్టర్ కీచుమంటుంది. ఏసీలు ఆపి, బిల్లింగు కంప్యూటరూ ఒక్క లైటూ ఉంచుతాం. ఆ కీచు విన్నప్పుడల్లా నాకు డాక్టరు సుభాషిణి గారు గుర్తొస్తారు. ముందు ఆవిడ చేసిన అవమానం, తర్వాత మిగతాది.

పామర్రు దగ్గర బండి మీంచి పడి మా తమ్ముడు శ్రీను తలకు దెబ్బ తగిలింది. స్పృహ లేదు. ఐసీయూలో వాడి చెవి దగ్గర నిలబడి, "ఒరే శ్రీనూ, అన్నయ్యనురా, కళ్ళు తెరువు!" అని అరిచాను. పిలుపు ఆగితే మనిషి వెళ్ళిపోతాడని మా ఇంట్లో నమ్మకం. వెనకనుంచి ఆవిడ, "ఈయన్ని బయటికి పంపించండి," అన్నారు. నాతో కాదు, నర్సుతో. మా మరదలి పుట్టింటివాళ్ళంతా చూస్తుండగా.

ఆ సాయంత్రమే సూపరింటెండెంటుకు ఫిర్యాదు చేశాను: మందులిచ్చి మనిషిని నిద్రపుచ్చుతున్నారు, లేపబోతే గెంటేస్తున్నారు అని. ఆవిణ్ణి పిలిపించారు.

"మీ కొట్లో కరెంటు పోతే ఏం చేస్తారండీ?" అన్నారావిడ, ఫిర్యాదులో మా బట్టల కొట్టు చిరునామా చూసి.

"వైద్యం సంగతి అడిగితే కొట్టు సంగతెందుకండీ?"

"ముందు చెప్పండి."

చెప్పాను.

"మీ తమ్ముడి తలలో మేం చేస్తున్నదీ అదే. మెదడు వాచింది. పుర్రె సాగదు కదా, లోపల రక్తనాళాలు నొక్కుకుపోతాయి. రక్తం అందకపోతే ఆక్సిజన్ ఉండదు. కణంలో శక్తి తయారుచేసే మిటోకాండ్రియాలు చతికిలపడతాయి. ఉప్పును బయటికి తోడే పంపులు నడిచేది ఆ శక్తితోనే. అవి ఆగితే ఉప్పు లోపలే పేరుకుంటుంది, దాని వెంట నీళ్ళు చేరతాయి, వాపు ఇంకా పెరుగుతుంది. అందుకే నిద్రపుచ్చి కణాల ఖర్చు తగ్గిస్తున్నాం. మీరేమో ఏసీలన్నీ వేయమంటున్నారు."

"ఆ ముక్క అప్పుడే నాతో చెప్పొచ్చుగా?"

"మీరు అరుస్తుంటే ఎవరికి వినపడుతుందండీ?"

ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. ఆవిడ తీసుకోమనీ అనలేదు. నన్ను మంచం దగ్గరికి తీసుకెళ్ళి, తలలో ఒత్తిడి చూపే అంకె ముందు నిలబెట్టారు. నర్సు గొట్టంతో కఫం లాగగానే, ఆ కాస్త కదలికకే అంకె ఎగబాకింది. అందరూ చేతులు ఆపి చూశారు. మెల్లగా దిగింది. అంత చిన్న తలలో కోట్లకొద్దీ పంపులు కంటికి కనబడకుండా ఉప్పు తోడుతూనే ఉంటాయట. వాడు నన్ను 'అన్నయ్యా' అనడం వెనక అంత చాకిరీ ఉందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. గుళ్ళో కూడా నేనంత నిశ్శబ్దంగా నిలబడి ఎరగను.

వాపు తగ్గాక నిద్రమందు ఆపారు. ఆవిడే వరండాలోకి వచ్చి, ఆ పుట్టింటివాళ్ళ ముందే అన్నారు: "రండి, ఇప్పుడు పిలవండి. మీ గొంతుతో ఇప్పుడు పనుంది."

తీరా వెళ్ళాక "శ్రీనూ" అని గొణిగాను.

"కాస్త గట్టిగానండీ! ఆ రోజు వార్డంతా వినబడిందిగా."

గట్టిగా పిలిచాను. రెప్పలు కదిలాయి. వాడు నన్ను చూశాడు.

ఆ ఎత్తిపొడుపు నేను మర్చిపోలేదు, 'బయటికి' అన్న మాటా మర్చిపోలేదు. కానీ ఇప్పుడు కరెంటు పోతే, గల్లా దగ్గర కూర్చున్న శ్రీను, "అన్నయ్యా, ఏసీ ఆపు!" అని కేకేస్తాడు. ఆపేస్తాను. మళ్ళీ కరెంటు వచ్చేదాకా ఎవరితోనూ తగువు పెట్టుకోను.