పత్తి చూసొచ్చిన మగపిల్లలు

యాభై ఆరులో, ఆళ్లగడ్డలో నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు, మా బడి సైన్సు సంఘం పిల్లల్ని నంద్యాలలో సర్కారు వారి పత్తి పొలం చూపించడానికి తీసుకెళ్లింది. పిల్లలంటే మగపిల్లలే. తరగతిలో ఉన్న ఆరుగురు ఆడపిల్లలనూ వదిలేశారు.

"మీతో వచ్చేదానికి పంతులమ్మ లేదు గదమ్మా, ఎట్ల తీసకపోయేది?" అన్నారు సైన్సు అయ్యవారు.

ఏటా అమ్మల వెంట చేలోకి పోయి పత్తి తీసేది మేము. ఆ పని చేయడమంటే మా మగవాళ్లకు నామోషీ. అలాంటి వాళ్లు బస్సెక్కి పోయి పత్తి చూసొచ్చారు! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మరుసటి నెల ఆ పొలం ఆఫీసరే మా బడికి ఉపన్యాసమివ్వడానికి వచ్చాడు. "పత్తి పొద్దున్నే ఎందుకు తీస్తారు?" అని అడిగాడు. నంద్యాల పోయొచ్చిన ఇరవైమందిలో ఒక్కడూ నోరు మెదపలేదు. నేనే లేచి చెప్పాను.

"మంచు తడి ఉంటే ఎండుటాకు పొడిపొడి కాదు, పత్తికి అంటుకోదు సార్."

ఆఫీసరు తల ఊపేలోపే అయ్యవారు నా మీద విరుచుకుపడ్డారు.

"కూచోమ్మే! నువ్వు యాడ చూసినావు? చూసొచ్చినోళ్లను చెప్పనీ."