పులికాట్ నీళ్ళలో పెళ్ళిచూపుల ఫోటో

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నా మీద నాకున్నంత గౌరవం తర్వాత ఎప్పుడూ లేదు. రేణిగుంటలో ఒక గోదాములో కంప్యూటరు ముందు కూర్చునే పని నాది. పగలంతా అట్టపెట్టెల మధ్య గడిపే నేను, సెలవు పెట్టి పాండిచ్చేరి పోయి స్కూబా డైవింగ్ నేర్చుకుని వచ్చాక, నేల మీద నడిచే మనుషులను చూస్తే జాలేసేది. నాతో పాటు నేర్చుకున్నది నా పక్క సీటు స్నేహితురాలు. ఆఫీసులో అందరూ దాన్ని ‘చేప’ అని పిలిచేవాళ్ళు. (నన్నేమని పిలిచేవాళ్ళో నాకెవరూ చెప్పలేదు.) చేప దగ్గర నీళ్ళ కింద ఫోటోలు తీసే కెమెరా ఉండేది. ఇద్దరం కలిసి ప్రపంచానికి ఏదో చూపించబోతున్నామని గట్టి నమ్మకంతో ఉండేవాళ్ళం.

అప్పుడే బంగారుపాళ్యం నుంచి నాకొక సంబంధం వచ్చింది. మామిడితోటల వాళ్ళు. పిల్ల ఫోటో పంపమన్నారు. అమ్మ పట్టుచీర తీసి మంచం మీద పెట్టి, స్టూడియోకి పోదాం పదమంది.

“స్టూడియో ఫోటో అందరూ పంపిస్తారు. నేను నీళ్ళ కింద తీసిందే పంపిస్తా. నన్ను చేసుకునేటోడికి నేనెవరో తెలియాల గదా” అన్నాను.

“మొగానికి ఆ డబ్బా తగిలించుకుంటే నువ్వెవరో నాకే తెలీదు గదే!” అంది అమ్మ.

నాయన మాత్రం, “పోనీలే, సదువుకున్న పిల్ల, ఏదో అంటా ఉండాది. సూద్దాం” అన్నాడు. (ఈ ఒక్క మాటకు ఆయన తర్వాత చాలా రోజులు ఇంట్లో నోరెత్తలేకపోయాడు.)

ఆదివారం అమ్మ, చేప, నేను పులికాట్ ఒడ్డుకు చేరాం. సముద్రం వైపు అలలు ఎక్కువగా ఉన్నాయని, సరస్సే మేలని చేప తేల్చింది. సరస్సు నిజంగానే ప్రశాంతంగా ఉంది. కానీ ఎంత దూరం నడిచినా నీళ్ళు మోకాలు దాటడం లేదు. నల్లటి రబ్బరు సూటు, వీపున సిలిండరు, కాళ్ళకు బాతు పాదాల్లాంటి తొడుగులు వేసుకుని (వాటితో ముందుకు నడిస్తే బోర్లా పడతాం) నేను వెనక్కి వెనక్కి నడుస్తుంటే, నా నడుముకు కట్టిన కొబ్బరితాడు కొస పట్టుకుని అమ్మ ముందుకు నడుస్తోంది. ఆమెకు ఈత రాదు. అయినా తాడు ఎవరికీ ఇవ్వనంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, రెండో చేత్తో గొడుగు పట్టుకుంది.

“ఆ వీపు మీది డబ్బాలో ఏముండాదే?”

“గాలి మా.”

“గాలి పైన కావాల్సినంత ఉండాది గదే! దాన్ని మూటగట్టుకోని కిందికి పోయేదేమి?”

దీనికి పాండిచ్చేరిలో సమాధానం నేర్పలేదు. చివరికి తొడల లోతు దొరికిన చోట బోర్లా పడుకుని మునిగాను. నీళ్ళలో బారెడు దూరం దాటితే ఏమీ కనిపించలేదు. నా ఊపిరి బుడగలు తప్ప వేరే జీవమేదీ తగల్లేదు. చేప నా పక్కనే మునిగి ఫోటోలు తీస్తోంది. ఇంతలో తాడు గట్టిగా లాగినట్టయి లేచి చూస్తే, మా చుట్టూ పడవలో వచ్చిన నలుగురైదుగురు మనుషులు నీళ్ళలో వంగి చేతులతో అడుగంతా తడుముతున్నారు.

“ఏం పోయిందక్కా, గొలుసా? దొరుకుతాది, భయపడొద్దు” అని అమ్మకు ధైర్యం చెబుతున్నారు.

“ఏం పోలేదబ్బా. మా పిల్ల పెండ్లి ఫోటో ఇది” అంది అమ్మ.

వాళ్ళు ఒకసారి నా వైపు చూసి, పాపం పెద్దావిడకు బంగారం పోయి మతి చెదిరిందనుకున్నారేమో, మరింత శ్రద్ధగా వెతికారు. అడుగున ఉన్న బురదంతా పైకొచ్చింది. అంతటితో మా ఫోటోగ్రఫీ ముగిసింది.

తీసినవాటిలో ఒక్కటే స్పష్టంగా వచ్చింది. పచ్చటి మసకలో నా ముఖానికి అద్దం, నోట్లో గొట్టం, చుట్టూ బుడగలు. నా కళ్ళకది అద్భుతంగా కనిపించింది. నాయన వెంటనే పెళ్ళివారికి పంపించేశాడు.

సాయంత్రం ఫోన్ వచ్చింది. పిల్లవాడి అవ్వ. నాయన స్పీకరు పెట్టాడు.

“ఏమప్పా, మీ పిల్లకు ముందే పెండ్లయినట్టుండాదే?”

ఫోటో పెద్దది చేసి చూస్తే సంగతి తెలిసింది. నడుము కింద నా ఒళ్ళు బురదలో కలిసిపోయింది. సరిగ్గా నా కాళ్ళుండాల్సిన చోట పసుపు రాసిన పాదాలు, వేళ్ళకు వెండి మెట్టెలు తళతళా మెరుస్తున్నాయి. (పంపే ముందు నేను చూసుకున్నది నా ముఖమే. అదీ సరిగా కనిపించలేదనుకోండి.)

అమ్మ ఫోన్ లాక్కుంది. “అయి నా కాళ్ళు పెద్దమ్మా!”

“నీ కాళ్ళు ఆ పిల్లకెట్ల వచ్చినాయమ్మా?”

ఎంత చెప్పినా అవ్వ నమ్మలేదు. ఆఖరికి వీడియో కాల్ పెట్టి, అమ్మ కుర్చీ మీద కాలు పెట్టి నిలబడింది. జన్మలో ఎవరి ముందూ కాలు మీద కాలేసుకోని మనిషి. అవతల ఇంటిల్లిపాదీ ఆ పాదాన్ని, ఫోటోను మార్చి మార్చి చూశారు. అమ్మ కాలి చిటికెన వేలు కొంచెం వంకర. అదే మా పరువు కాపాడింది.

“సరే, కాళ్ళు నీవే. మరి పిల్ల యాడుండాది?” అంది అవ్వ.

“ఆ బుడగలొదుల్తా ఉండేదే పెద్దమ్మా” అంది అమ్మ, ఏడుపొక్కటే తక్కువగా.

అవతల ఎవరో మగగొంతు పగలబడి నవ్వింది.

తర్వాతి వారం వాళ్ళు చూడ్డానికి వచ్చారు. అవ్వ కాఫీ కూడా తాగకుండా నన్ను దగ్గరికి పిలిచి, చీర అంచు పైకెత్తి నా కాలివేళ్ళు చూసి, “ఖాళీగానే ఉండాయి” అని ప్రకటించింది. ఫోన్లో నవ్విన గొంతు పెళ్ళికొడుకుదే; అతను నన్నొక్కటే ప్రశ్న అడిగాడు. “నీళ్ళ కింద ఏం కనిపించింది?”

“ఏమీ కనపల్లేదు” అన్నాను.

అతను మళ్ళీ నవ్వాడు. ఈసారి నేనూ నవ్వాను. పెళ్ళయింది.

ఆ తర్వాత అతనూ నేనూ అద్దంలాంటి నీళ్ళున్న సముద్రాల్లో దిగాం, రంగురంగుల చేపల మధ్య ఫోటోలు దిగాం. అన్నీ చక్కగా వచ్చాయి. కానీ ముఖం కనిపించకుండా అన్ని ఏర్పాట్లు చేసుకుని, తానెవరో లోకానికి చెప్పాలని బయల్దేరిన ఆ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. తొడల లోతు నీళ్ళలో అంత నమ్మకంగా మునగడం ఇప్పుడు నాకు చేతకాదు.