పంతొమ్మిది తర్వాత

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, జూన్‌లో బడులు తెరిచిన వారం, నాకు బాగలూరు వైపు ఊళ్ళు అప్పగించారు. నా హోదా ప్రత్యేక ఉపాధ్యాయిని, ఆఫీసు తమిళనాడు సరిహద్దులోని హోసూరు బ్లాకు వనరుల కేంద్రం. ఆటిజం ఉన్న పిల్లలు, మాట ఆలస్యమైన పిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారో అక్కడి బడికీ ఇంటికీ వెళ్ళి, వాళ్ళకు ఎట్లా నేర్పాలో పెద్దవాళ్ళకు చూపించడం పని. ఒక్కో బిడ్డకు ఒక ఫైలు. అందులో వ్యక్తిగత విద్యా ప్రణాళిక అని నాలుగు పేజీలు ఉంటాయి: బిడ్డకు ఇప్పుడేమి వచ్చు, ఈ ఏడాదిలో ఏమి రావాలి, దానికి ఎవరేమి చెయ్యాలి. ఆ పేజీలు నింపడంలో నాకు మంచి పేరుండేది. మా సూపర్వైజరు కొత్తవాళ్ళకు నా ఫైళ్ళు చూపించేవారు. ఆ పేరు నాకు కొంచెం తలకెక్కింది కూడా.

బాగలూరు దాటాక ఒక పల్లెలో పల్లవి అనే ఏడేళ్ళ పాప ఉండేది. రెండో తరగతి, ఆటిజం. తండ్రి నాగరాజు ప్లాస్టిక్ కప్పు వేసిన షెడ్డులో గులాబీలు పండించేవాడు. తల్లి మంజుల కోతకు వెళ్ళేది. నాగరాజు తల్లి మునెమ్మ షెడ్డు మూలలో కూర్చుని పూలకు కట్టలు కట్టేది. పాప బడి లేనప్పుడంతా ఆ అవ్వ పక్కనే.

పాపకు పదకొండు మాటలు వచ్చు. మంజుల వేళ్ళు మడిచి చెప్పింది, నేను రాసుకున్నాను: నీళ్ళు, అన్నం, పూవు, వద్దు, అవ్వ, ఇట్లా పోయి చివరికి ఇరవై. ఒకటి, రెండు రాని పిల్లకు ఇరవై ఎట్లా వచ్చిందని నేను అడగలేదు. రాసుకుని పేజీ తిప్పాను.

బడిలో అయితే ఆ పదకొండూ వినబడేవి కావు. హెడ్మిస్ట్రెస్ చెడ్డ మనిషి కాదు, కానీ విసిగిపోయి ఉన్నారు. అక్టోబరు సమీక్ష నాటికి మార్పు లేకపోతే పాపను ఇంటివద్ద శిక్షణ జాబితాకు మార్చమన్నారు. ఆ జాబితా మంచానికి పరిమితమైన పిల్లల కోసం పెట్టింది. నడిచే బిడ్డను అందులో వేస్తే వారానికి ఒకసారి మాలాంటి వాళ్ళు వచ్చిపోతారు, అంతే. తోటి పిల్లలు, తరగతి, మధ్యాహ్న భోజనపు వరస, అన్నీ పోతాయి. మంజులకు అది తెలుసు. నేను వెళ్ళిన ప్రతిసారీ, "బడి మాత్రం తప్పించొద్దమ్మా" అనేది.

నేను ఆలోచించాను. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, షెడ్డులో కూలివాళ్ళతో కన్నడం. మూడు భాషల మధ్య పాప తికమక పడుతోందని తేల్చేశాను. అమ్మ దగ్గర తెలుగు, బడిలో తమిళం మాట్లాడుతూ పెరిగినదాన్ని నేనే, అయినా నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ప్రణాళిక మూడో పేజీలో గుండ్రని అక్షరాలతో రాశాను: ఇంట్లో అందరూ పాపతో తమిళంలో మాత్రమే మాట్లాడాలి. మంజుల చేత సంతకం పెట్టించాను.

ఆ నాలుగు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ మంచులో నడిచినట్టే ఉంటుంది. బస్సు దిగి గులాబీ తోటల మధ్య నడిచేదాన్ని. మబ్బు నేలమీదికి దిగినట్టు తెల్లటి షెడ్లు వరసగా కనబడేవి. నెలకు రెండుసార్లు ఇంటికి వెళ్ళి, బొమ్మల కార్డులు పరిచి, ముప్పావు గంటకు లేచేదాన్ని. ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉండేది. గోలలేని చోటు ఈ పిల్లలకు మంచిది కదా అని దాన్నీ రాసుకున్నాను. పాప మాటలు మాత్రం ఒక్కొక్కటీ జారిపోతున్నాయి. సెప్టెంబరు చివరికి మిగిలినవి రెండు, నీళ్ళు, వద్దు.

అక్టోబరులో ఒకరోజు నేను ఎక్కాల్సిన బస్సుకన్నా ముందుది దొరికి, గంట ముందే చేరాను. ఇంటికి తాళం. షెడ్డులోకి వెళ్ళాను. లోపల పాలలో ముంచినట్టున్న వెలుతురు, గొట్టాల్లోంచి బొట్టు బొట్టుగా నీళ్ళు, పచ్చి ఆకు వాసన. మునెమ్మ కాడలు ఒక్కొక్కటే ఎత్తి కట్టలో పెడుతోంది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. పాప కన్నార్పకుండా ఆ పెదవులనే చూస్తోంది. ఒకచోట అవ్వ చెయ్యి ఆగింది. ఒక కాడ గాలిలో పట్టుకుని పాపవైపు చూసింది. పాప కూడా చూసింది. ఇద్దరూ అలా ఎంతసేపున్నారో చెప్పలేను. తర్వాత అవ్వ ఏమీ అనకుండా ఆ కాడను కట్టలో పెట్టి రబ్బరు వేసింది. కట్టకు ఇరవై.

పంతొమ్మిది దాకా చెప్పి ఆగి, చివరి మాట బిడ్డకు వదలడం, తొందరపెట్టకుండా కాచుకోవడం: మా శిక్షణలో రెండు రోజులు నేర్పేది ఇదే. బడి మొహం చూడని మునెమ్మకు ఇదెవరు నేర్పారో!

అవతలి వరసలో పూలు కోస్తున్న మంజులను పిలిచి, అత్త ఎందుకు మాట్లాడటంలేదని అడిగాను.

"మీరే గదమ్మా చెప్పినారు, తెలుగు వద్దని. ఆయమ్మకి తమిళం వినేకి వస్తుంది, మాట్లాడేకి రాదు. పాపకి చెడుపు అవుతుందని ఆ పొద్దునుంచీ గమ్మునుంది."

నాలుగు నెలలు! మునెమ్మ నావైపు చూసి మెల్లగా అడిగింది: "ఇంగ మాట్లాడొచ్చునా టీచరమ్మా?"

మాట్లాడమన్నాను. ఆమె కొత్త కట్ట మొదలుపెట్టి ఒకటి నుంచి లెక్కపెట్టింది. పంతొమ్మిది దగ్గర ఆగింది. పాప ఏమీ అనలేదు. లేచి వచ్చి, అవ్వ గొంతుమీద అరచెయ్యి పెట్టి నిలబడింది. ఆరోజుకు అంతే.

సమీక్షలో నేను మూడో పేజీలోని ఆ వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, తప్పు నాదని పక్కన రాసి సంతకం చేశాను. జనవరి దాకా గడువు అడిగాను. సూపర్వైజరు, "మీ ఫైల్లో ఎర్ర సిరా చూస్తానని అనుకోలేదు" అన్నారు, నవ్వలేదు. హెడ్మిస్ట్రెస్ ఒప్పుకున్నారు. ఆ అవ్వ పద్ధతిని నేను తరగతి టీచరుకు చూపించాను. డిసెంబరులో ఒక ఉదయం ఆమె పిల్లలందరి చేత తమిళంలో అంకెలు చెప్పించి, పంతొమ్మిది దగ్గర చెయ్యెత్తి ఆపింది. వెనక వరసలోంచి పల్లవి, "ఇరవై" అంది, తెలుగులో. టీచరు తమిళమ్మాయి. సరే అని తల ఊపి, ఇరవై ఒకటికి వెళ్ళింది.

పాప బడిలోనే ఉంది. నేను రిటైరవుతూ ఫైలు అప్పగించేనాటికి, పోయిన తొమ్మిది మాటల్లో ఏడు తిరిగి వచ్చాయి, కొత్తవి కొన్ని చేరాయి. రెండు రాలేదు. వాటిలో ఒకటి అవ్వ.

ఒక ఇంట్లో దేన్నయినా మానెయ్యమని చెప్పేముందు, అక్కడ అది ఏం పని చేస్తోందో చూడాలి. దానికి షెడ్డులో ఒక పూట కూర్చుంటే చాలు. ఆ జూన్‌లో నేను కూర్చోలేదు.