నీలం రాని ఉప్పు

లీలావతి అమ్మమ్మ ఎవరింటికి భోజనానికి వెళ్లినా ముందు వాళ్ల ఉప్పు చూస్తుంది. కూరలో ఉప్పు కాదు, డబ్బాలో ఉప్పు. హ్యాండ్‌బ్యాగులోంచి వేలెడంత ప్లాస్టిక్ సీసా తీసి, చెంచాడు ఉప్పు మీద ఒక్క చుక్క వేస్తుంది. ఉప్పు నీలంగా మారితే ఆ ఇల్లు పాసయినట్టు. మారకపోతే ఆ ఇంటావిడకి ఆ పూట అన్నం సయించదు.

ఇది పిచ్చి కాదు, పాత ఉద్యోగం. పాడేరు కొండల్లో ఆరోగ్యశాఖ సూపర్‌వైజరుగా ఉన్నన్నాళ్లూ ఆవిడ చేసింది ఇదే. ఒకప్పుడు అక్కడ ఏ ఊరికి వెళ్లినా మెడ కింద నిమ్మకాయంత వాపుతో ఒకరిద్దరు ఎదురయ్యేవారు. అయోడిన్ చాలక వచ్చే వాపు. కల్లుప్పు మానండి, అయోడిన్ ఉప్పు వాడండి అని అమ్మమ్మ గుమ్మం గుమ్మం ఎక్కి చెప్పింది. సంతలో ఆవిడ కనిపిస్తే చాలు, కల్లుప్పు అమ్మేవాళ్లు బస్తా మీద గోనెపట్టా కప్పేసి చింతపండు అమ్ముతున్నట్టు ముఖం పెట్టేవారట. ఈ ముక్క చెప్పేటప్పుడు అమ్మమ్మ మెడ కాస్త పొడుగవుతుంది.

రిటైరయ్యాక మిషిగన్‌లోని నోవైకి, కూతురు ఉమ దగ్గరికి వచ్చేసింది. గ్రీన్‌కార్డు వచ్చాక, ఎవరూ అడక్కుండానే, డ్రైవింగ్ నేర్చుకుంది. రోడ్డు టెస్టులో మొదటిసారి ఫెయిల్. రెండోసారి, టెస్టు పెట్టడానికి వచ్చినాయన సీటు బెల్టు మెలిపడిందని ఆయనకి క్లాసు పీకుతూ స్టాప్ సైన్ దాటేసి ఫెయిల్. మూడోసారి ఆయన బెల్టు తనే సరిచేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. పాసయింది.

ఆ లైసెన్సుతో ఆవిడకో పరివారం ఏర్పడింది. పిల్లల దగ్గరికి వచ్చి, కారు నడపడం రాక, కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చునే పెద్దవాళ్లందరినీ ఎక్కించుకుని లైబ్రరీకీ, గుడికీ, చలికాలమైతే మాల్‌లో నడకకీ తిప్పేది. ముందు సీటు పక్కవీధి కోటమ్మగారిది. ఆ సీటు కోసం మిగతావాళ్లు పైకి చెప్పుకోని పోట్లాటలు చాలా జరిగాయి.

అలాంటి అమ్మమ్మ కిందటి చలికాలం నిద్రకు దొరికిపోయింది. సోఫాలో నిద్ర, పూజ మధ్యలో నిద్ర, సీరియల్లో అత్త కుట్ర పన్నుతుంటే నిద్ర. ఇల్లంతా వెచ్చగా ఉన్నా తనకొక్కదానికే స్వెట్టరు మీద స్వెట్టరు. గొంతు బొంగురుపోయింది. అడిగితే ఒకసారి వయసు మీదికి నెట్టేది, ఒకసారి మంచు మీదికి. ఒక సాయంత్రం మనవరాలు నిధిని స్కూలు నుంచి తీసుకొస్తూ గ్రాండ్ రివర్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగింది. లైటు పచ్చబడింది. కారు కదల్లేదు. వెనకెవరో హారన్ కొట్టారు.

"అమ్మమ్మా, గ్రీన్."

"ఊఁ."

"అమ్మమ్మా, నువ్వు స్లీప్ చేస్తున్నావ్."

"లేదే. ఆలోచిస్తున్నా."

"స్నోర్ చేస్తూ ఎవరు థింక్ చేస్తారు?"

నిధి కడుపులో మాట ఇల్లు చేరేదాకా కూడా ఆగదు. గ్యారేజీలోనే ఉమకి తెలిసిపోయింది. ఆ వారంలోనే రక్తపరీక్ష, ఆ వెంటనే థైరాయిడ్ డాక్టరు.

ఆ డాక్టరు రష్మి, తెలుగువాళ్లమ్మాయే, కాకపోతే ఇక్కడే పుట్టింది. "దీన్ని హషిమోటో అంటారు ఆంటీ," అంది. "మన బాడీలో సోల్జర్స్ ఉంటారు కదా, మీ సోల్జర్స్ మీ థైరాయిడ్‌నే ఎనిమీ అనుకుంటున్నారు. డైలీ కొడుతున్నారు. అందుకే అది స్లో అయింది. ఈ టాబ్లెట్ పొద్దున్నే ఎంప్టీ స్టమక్‌తో. తర్వాత వన్ అవర్ కాఫీ వద్దు. నన్ను అడక్కుండా ఇంకేం వేసుకోకండి."

అమ్మమ్మ జబ్బుని క్షమించింది. కాఫీ సంగతి మాత్రం క్షమించలేదు. అడక్కుండా ఇంకేం వేసుకోవద్దన్న మాట వేరే పేషెంట్ల కోసం అన్నది అనుకుంది.

ఇంటికొచ్చాక ఉమ చెయ్యి చాపింది. "కీ ఇలా ఇవ్వమ్మా."

"దేనికి?"

"థైరాయిడ్ స్లో అయ్యేకొద్దీ పెరిగే ఆ టీఎస్‌హెచ్ నంబర్ తగ్గేదాకా నువ్వు డ్రైవ్ చేయొద్దు. మళ్లీ టెస్ట్ చేయిస్తారు కదా, అప్పుడు నంబర్ దిగితే కీ ఇస్తా. దిగకపోతే ఇవ్వను. ఆ రోజు కార్‌లో నిధి ఉంది, గుర్తుంచుకో."

కాదనడానికి ఏమీ లేదు. నోవైలో బస్సు లేదు, ఆటో లేదు. కారు తాళం ఇచ్చేయడమంటే కాళ్లు తీసి మూల పెట్టడమే. అమ్మమ్మ తాళం ఇచ్చేసి వంటింట్లోకి వెళ్లింది. కాళ్లు తిరిగి రావాలంటే నంబరు దిగాలి. నంబరు దిగాలంటే థైరాయిడ్ కదలాలి. థైరాయిడ్ అంటే అయోడిన్, అది ఆవిడకి ఈ డాక్టరమ్మ పుట్టకముందు నుంచే తెలుసు.

ఉమ వాడే అమెరికా ఉప్పు డబ్బా మీద అయోడిన్ ఉందనే రాసి ఉంది. అమ్మమ్మ చెంచాడు తీసి చుక్క వేసింది. తెల్లగానే ఉంది. ఇంకో చుక్క వేసింది. తెల్లగానే. సీసా పాడైందేమోనన్న అనుమానంతో ఇండియన్ స్టోరు నుంచి తెప్పించిన ఉప్పు ప్యాకెట్ విప్పి దాని మీద వేసింది. నిమిషంలో సిరా పోసినట్టు నీలం.

"ఇదన్నమాట సంగతి," అంది అమ్మమ్మ, సంతలో బస్తా మీంచి గోనెపట్టా లాగినంత ఉత్సాహంగా. డబ్బా అబద్ధమాడుతోంది. ఇన్నేళ్లూ ఈ తెల్ల అబద్ధం తినీ తినీ తన థైరాయిడ్ ఎండిపోయింది.

ఆ శనివారం అందరూ తలో వంటా తెచ్చుకునే విందుకి, ఎవరింటి ఉప్పు వాళ్లు చెంచాడు తెమ్మని ముందే ఫోన్లు చేసి, అమ్మమ్మ సీసాతో సహా వెళ్లింది. ఒకరిది అమెరికా డబ్బా ఉప్పు, తెలుపు. ఇంకొకరిది హిమాలయాల పింక్ ఉప్పు, తెలుపు కూడా కాదు, పింకుగానే ఉండిపోయింది. "కొండల్లో వాళ్ల చేత మాన్పించిన కల్లుప్పుకి రంగేసి మీకు అమ్ముతున్నారమ్మా," అని నిట్టూర్చింది. విందు ముగిసేసరికి ఊళ్లో సగం ఇళ్ల ఉప్పుని ఫెయిల్ చేసేసింది. కోటమ్మగారి ఉప్పూ అందులో ఉంది.

ఆ విందులోనే భీమశంకర్‌గారు ఒక మాట చెవిన వేశారు. ఆయన రిటైరైన బ్యాంకు మేనేజరు, ఫోన్‌లో వైద్యం వీడియోలు చూసి సగం డాక్టరైనవారు. "చెల్లెమ్మా, అయోడిన్ అంటే సముద్రపు నాచు. నాచు మాత్రలు అమ్ముతారిక్కడ. ఒక్కో మాత్రలో సముద్రమంత ఉంటుందట."

అమ్మమ్మ రెండు సీసాలు తెప్పించింది. ఒకటి తనకి, ఒకటి ఉప్పు ఫెయిలైన కోటమ్మగారికి. తన మాత్రల్ని ఉమ కంట పడకుండా ఖాళీ ఇంగువ డబ్బాలో పోసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. థైరాయిడ్ మాత్ర వేసుకుని, గంటసేపు కాఫీ కోసం గడియారం వైపు గుర్రుగా చూసి, కాఫీతో పాటు నాచు మాత్ర మింగేది. రెట్టింపు బలం, సగం కాలంలో తాళం. ఆవిడ లెక్క అది.

ఈలోగా పరివారం భీమశంకర్‌గారి కారుకి మారింది. ఆయన నడిపితే పక్కన నడిచేవాళ్లు దాటిపోయి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపేవారు. పైగా ప్రతి మలుపులోనూ మలుపు గురించి ఉపన్యాసం. అమ్మమ్మకి వెనక సీటు, అదీ మధ్యది.

"చెల్లెమ్మా, మీరైతే ఇక్కడ తొందరపడి తిప్పేసేవారు," అనేవారాయన అద్దంలో చూస్తూ.

"అవునన్నయ్యగారూ. మేమైతే ఈపాటికి ఇంటికెళ్లి అన్నం తినేసి ఉండేవాళ్లం."

మాటకి మాట అంటించేదే గానీ, ఆ మధ్య సీట్లో ఆవిడ ప్రాణం ఉసూరుమనేది. నిద్ర తగ్గలేదు. నిజం చెప్పాలంటే పెరిగింది. మందు పనిచేసే ముందు అలాగే ఉంటుందని తనకి తనే చెప్పుకుంది.

మళ్లీ రక్తపరీక్ష చేశారు. నంబరు దిగలేదు సరికదా, పాతదాన్ని దాటి ఎక్కి కూర్చుంది.

రష్మి తెర వంక చూసి పెదవి విరిచింది. "స్ట్రేంజ్. టాబ్లెట్ కరెక్ట్‌గా వేసుకుంటున్నారు కదా ఆంటీ? ఇంకేం తీసుకోవట్లేదు కదా?"

"ఏం లేదు డాక్టర్. పొద్దున్నే ఎంప్టీ స్టమక్‌తోనే. నేనే చూస్తాను," అంది ఉమ.

"అయితే డోస్ పెంచుదాం," అని రష్మి కీబోర్డు మీద చేతులు పెట్టింది.

అమ్మమ్మ హ్యాండ్‌బ్యాగు ఒళ్లో బరువెక్కింది. చెప్తే తాళం ఈ జన్మకి రాదు. ఉమ సంగతి తనకి తెలుసు, తను కన్నదే. చెప్పకపోతే డోసు పెరుగుతుంది, నంబరు ఏదో ఒకనాటికి దిగినా దిగుతుంది. పాడేరులో ఇలాగే కూర్చునేవారు ఆడవాళ్లు, కొంగుచాటున ఏ వేరు ముక్కో పెట్టుకుని, ఏమీ వాడట్లేదమ్మా అంటూ. తను కుర్చీ దగ్గరికి లాక్కుని అడిగేది: దాస్తే నేనిచ్చే మందు తప్పవుతుంది తల్లీ, తిట్టను, చెప్పు. వాళ్లు చెప్పేవారు. చెప్పాక తిట్టేది.

"తిట్టనంటే చెప్తా," అంది అమ్మమ్మ.

రష్మి చేతులు ఆగాయి. "తిట్టను ఆంటీ."

"నువ్వు కాదమ్మా. ఇది." గడ్డంతో ఉమని చూపించి, ఇంగువ డబ్బా తీసి బల్ల మీద పెట్టి మూత తీసింది. ఇంగువా సముద్రమూ కలిసిన వాసన గదిని నింపేసింది. ఉమ ముక్కు మూసుకుంది, అందుకని వెంటనే తిట్టలేకపోయింది.

"కెల్ప్, సముద్రపు నాచు," అంది రష్మి ఒకటి చేతిలోకి తీసుకుని. "ఎందుకు ఆంటీ?"

అమ్మమ్మ ఉప్పు కథంతా చెప్పింది. సాక్ష్యంగా చుక్కల సీసా కూడా తీసింది. రష్మి దాని మీది చిన్న అక్షరాలు చదివి, కంప్యూటర్లో ఏదో వెతికి, కాసేపటికి నవ్వు ఆపుకుంటూ ఇటు తిరిగింది.

"ఆంటీ, ఇండియాలో సాల్ట్‌లో కలిపే అయోడిన్ టైప్ వేరు. ఇక్కడ కలిపేది వేరు. మీ డ్రాప్స్ ఇండియా టైప్‌నే పట్టుకుంటాయి. ఇక్కడిదాన్ని అవి చూడలేవు."

"అంటే డబ్బా అబద్ధమాడలేదా?"

"లేదు. పింక్ సాల్ట్ సంగతి మాత్రం మీరు కరెక్టే. కానీ మీ కిచెన్ సాల్ట్‌లో అయోడిన్ ఉంది. మీకు చాలినంత ఉంది. మీ కొండల్లో వాళ్లకి చాలక ప్రాబ్లం. మీకు సోల్జర్స్ ప్రాబ్లం. అలాంటి థైరాయిడ్ మీద ఎక్కువ అయోడిన్ పోస్తే కొంతమందికి అది ఇంకా స్లో అయిపోతుంది. ఈ మాత్రల్లో ఎంతుందో కూడా కరెక్ట్‌గా తెలీదు, ఒకదాంట్లో ఉన్నంత ఇంకోదాంట్లో ఉండదు. ఇవి ఆపేయండి. ఇంట్లో ఉప్పు మామూలుగా వాడండి. డోస్ ఇప్పుడు పెంచను, ఆగి మళ్లీ టెస్ట్ చేద్దాం."

అమ్మమ్మ సీసా వంక చూసింది. ఇన్నేళ్లలో మొదటిసారి అది ఆవిడ ముఖం తప్పించినట్టనిపించింది.

కారు ఎక్కాక ఉమకి ముక్కు, నోరు రెండూ తెరుచుకున్నాయి. ఇంటి వీధి మలుపు దాకా తిట్టింది. "కీ సంగతి ఇక మర్చిపో," అని ముగించింది.

"అదేంటే? చెప్పబట్టే కదా తెలిసింది. దాచుంటే నువ్వు డోసు పెంచించుకుని హాయిగా ఇంటికొచ్చేదానివి."

"అలా దాచావు కాబట్టే ఇవ్వనంటున్నా."

"దాచిందీ నేనే, చెప్పిందీ నేనే. ఒకదానికి తిట్టావు, బావుంది. రెండోదానికేం లేదా?"

ఉమ గ్యారేజీ బటన్ నొక్కింది. గ్యారేజీ తలుపు లేస్తుండగా, "నంబర్ దిగితే చూద్దాం," అంది.

ఇంట్లోకి వెళ్తూనే అమ్మమ్మ కోటమ్మగారికి ఫోన్ చేసింది. "వదినగారూ, ఆ మాత్రలు వెంటనే మానేయండి. తప్పు నాదే. ఒంట్లో ఎలా ఉంది?"

"నాకేం, దివ్యంగా ఉన్నా," అంది కోటమ్మగారు. ఆగి, కాస్త దిగులుగా, "మానేయాల్సిందేనంటారా?" అంది.

తర్వాత ఫెయిల్ చేసిన ఇళ్లన్నిటికీ వరసగా ఫోన్లు. డబ్బా ఉప్పువాళ్లందరూ పాస్, పింక్ ఉప్పువాళ్లు ఫెయిలే. తలొంచుకుని చెప్పాల్సిన మాటని కూడా రిజల్ట్సు ప్రకటించినట్టే చెప్పింది. భీమశంకర్‌గారికి మాత్రం తీరిగ్గా, చాలాసేపు చెప్పింది. ఆయన తర్వాత కొన్నాళ్లు వైద్యం వదిలేసి వాస్తు వీడియోలు చూశారు.

మంచు కరిగింది. రోడ్డు పక్క గడ్డి బయటపడింది. అమ్మమ్మ ఒక స్వెట్టరు విప్పింది, సీరియల్లో అత్త కుట్ర చివరిదాకా చూసింది. రక్తపరీక్షలో నంబరు దిగింది. ఇక నడపవచ్చని రష్మి చెప్పింది. ఉమ తాళం తెచ్చి కాఫీ కప్పు పక్కన పెట్టింది. అమ్మమ్మ కాఫీ వదిలేసి తాళం తీసుకుంది.

మొదటి ప్రయాణం కోటమ్మగారింటికే. అవే మాత్రలు తనని ముంచి ఆవిణ్ణి దివ్యంగా ఎలా ఉంచాయన్నది అమ్మమ్మని అన్నాళ్లూ తొలిచేస్తూనే ఉంది. గుమ్మంలోంచి చూస్తే కిటికీ దగ్గర కరివేపాకు మొక్క కనిపించింది. మిషిగన్ చలికి అందరిళ్లలోనూ పుల్లలై నిలబడే మొక్క, ఇక్కడ పొదలా, నల్లగా నిగనిగలాడుతోంది.

"ఏం వేశారు వదినగారూ దీనికి?"

కోటమ్మగారు పమిట చెంగు సర్దుకుంది. "మీరేం అనుకోకపోతే... మీ మాత్రలే. నోట్లో పెట్టుకోబోతే చేపల బుట్ట వాసనేసింది. మీరు ప్రేమగా ఇచ్చారు, పారేయబుద్ధి కాలేదు. నలిపి కుండీలో పోశాను. మీరు మానేయమన్నాక పాపం, నాలుగాకులు వాడాయి కూడా."

అమ్మమ్మకి కోపం రావాలి. రాలేదు. "మిగిలినవి ఉన్నాయా?"

"మళ్లీ మొదలా?"

"నాకు కాదు. మా ఇంట్లోనూ ఒక మొక్క ఏడుస్తోంది."

ఈసారి ఆ సీసా హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లలేదు. ఉమకి కనబడేలా కారులో స్టీరింగు ముందు నిటారుగా నిలబెట్టింది. కోటమ్మగారు ముందు సీట్లో కూర్చుంది. "బెల్టు," అంది అమ్మమ్మ. గ్రాండ్ రివర్ సిగ్నల్ దగ్గర ఆగారు. లైటు పచ్చబడింది. ముందున్న కారు కదల్లేదు.

అమ్మమ్మ హారన్ మీద అరచెయ్యి పెట్టి, పాడేరు దాకా వినపడేలా నొక్కింది. ముందు కారు అద్దంలోంచి ఉలిక్కిపడి చూశారు భీమశంకర్‌గారు.